అయిదు సెంట్ల పగ

నా మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే మర్చిపోతానేమో గానీ, నలుగురిలో నవ్వులపాలు చేస్తే చచ్చినా మర్చిపోను. అది నా గుణం. మంచి గుణమని చెప్పను, మార్చుకుంటాననీ చెప్పను. ఏడో తరగతిలో మాకు లెక్కలు చెప్పిన సారు సంగతి ఇప్పుడు రాస్తున్నానంటే పాత గురువు మీద గౌరవం పొంగుకొచ్చి మాత్రం కాదు. ఆయనకి నేను చేసింది తలుచుకుంటే ఈ రోజుకీ కడుపు చల్లగా ఉంటుంది, అందుకు రాస్తున్నాను.

డెబ్బైల్లో మాట. మా ఇల్లు తిరువూరు చివర, గంపలగూడెం వెళ్ళే దారివైపు. నాన్నది వ్యవసాయం. మా ఇంట్లోనూ, మా చుట్టుపక్కల రైతుల ఇళ్ళల్లోనూ పొలం కొలత రాసే పద్ధతి ఒకటుండేది. ముందు ఎకరాలు, ఆ పక్కన ఒక చుక్క, చుక్క తరవాత సెంట్లు. నూరు సెంట్లు ఒక ఎకరం. చెరువు కింద మా పొలం చెక్క రెండెకరాల అయిదు సెంట్లు కాబట్టి నాన్న దాన్ని 2.5 అని రాసేవాడు. రెండున్నర ఎకరాలుంటే 2.50 అని రాసేవాడు. దానివల్ల ఎవరికీ ఏ తంటా రాలేదు, ఎందుకంటే ఎవరి చెక్క ఎంతో ఊళ్ళో అందరికీ నోటికి తెలుసు. విత్తనాల గాదె తలుపు మీద సుద్దముక్కతో నాన్న రాసిన ఆ అంకెల్ని చూస్తూనే నేను పెరిగాను.

ఆ యేడు వానలు మొదలయ్యాక లెక్కల సారు దశాంశ భిన్నాలు ఎత్తుకున్నాడు. ఎత్తుకోవడమంటే, బోర్డు మీద చుక్క ఒకటి పెట్టి, ‘ఇది దశాంశ బిందువు, చుక్క కింద చుక్క రావాలి, కూడండి’ అనడమే. ఎందుకు రావాలో చెప్పేవాడు కాదు. బోర్డు మీద 2.5, 1.45 రాసి, కూడమని నన్ను లేపాడు. నాకు ఎంత సంతోషమేసిందో! మా చెరువు కింద చెక్కే కదా బోర్డు మీదికొచ్చింది. టక్కున చెప్పాను.

“మూడున్నర సార్.”

“ఎంతా?”

“మూడున్నర ఎకరాలు సార్. రెండెకరాల అయిదు సెంట్లు, ఎకరం నలభై అయిదు సెంట్లు. కలిపితే మూడెకరాల యాభై సెంట్లు.”

ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు. సారు నవ్వితే క్లాసు నవ్వకుండా ఉంటుందా? మగపిల్లల వరసలో ఒకడు బెంచీ మీద దరువేశాడు. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటారే, అదీ సంగతి. ‘2.5 అంటే రెండున్నరే మొద్దూ, జవాబు 3.95. నువ్వొక్కదానివే మీ నాన్న పొలం నలభై అయిదు సెంట్లు మింగేశావ్’ అన్నాడు. నేను ఎందుకలా చెప్పానో, ఏ ఇంట్లో అలా రాస్తారో అడగలేదు. ఒక్క ప్రశ్న అడిగుంటే ఆయనకే తెలిసేది, ఆ క్లాసులో రైతుల పిల్లలు సగం మందీ అదే తప్పు చేస్తారని.

ఆ రోజుల్లో మా బడిలో ఒక శిక్ష ఉండేది. తప్పు చెప్పినవాళ్ళ ముక్కు ఎడమ చేత్తో పట్టుకుని, ఒప్పు చెప్పినవాళ్ళు కుడి చేత్తో చెంప మీద కొట్టాలి. మెల్లగా కొడితే కొట్టినవాళ్ళకి సారు చేతిలో పడుతుంది. నన్ను కొట్టడానికి నా పక్కన కూర్చునే పిల్లనే లేపాడు. మేమిద్దరం ఒకే గిన్నెలో అన్నం తినేవాళ్ళం. పాపం అది, సారు బెత్తం వైపు చూసి గట్టిగానే కొట్టింది. నాకు చెంప మంటకంటే ముక్కు పట్టుకున్నప్పుడు ఊపిరాడక నోరు తెరిచానే, అప్పుడు అందరూ ఇంకోసారి నవ్వారే, అదే ఎక్కువ బాధేసింది. డెస్కు మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాను.

“ఏయ్ అయిదుసెంట్లూ, లే! క్లాసు తడిపేస్తావా ఏంటి?” అన్నాడు సారు.

అంతే, ఆ రోజు నుంచి నా పేరు పోయింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప నేను అయిదుసెంట్లునే. నీళ్ళ కుండ దగ్గర అయిదుసెంట్లు, ఆటల పీరియడ్‌లో అయిదుసెంట్లు, రోడ్డు మీద సోడా బండి దగ్గర కూడా అయిదుసెంట్లు. ఐదో తరగతి వెధవలు కూడా నేర్చుకున్నారు.

అక్కడితో ఆగినా ఊరుకునేదాన్నేమో. ఒక ఆదివారం నాన్న ఎరువుల కొట్టుకి వెళితే బస్టాండు దగ్గర సారు కనిపించాడట. మా పిల్ల ఎలా చదువుతోందండీ అని నాన్న వినయంగా అడిగాడు. నాన్న చదువుకోలేదు. మాస్టారు చెబితే ఆయనకి వేదం. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాడు, నేను వంటింట్లో నుంచి విన్నాను.

“దానికి లెక్కలు ఎక్కవంట. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ఎలాగూ తప్పుద్దంట. ఆడపిల్లకి ఎందుకండీ ఈ ఆయాసం, ఇంటిపని నేర్పుకోండి అన్నాడు మాస్టారు.”

“మరి మీరేమన్నారు?” అంది అమ్మ.

“ఏమంటాను? బళ్ళో ఇన్‌స్పెక్షన్ ఉందంట, అదయ్యాక ఇంకోసారి కలుస్తానన్నా. అప్పుడు కూడా అదే మాటంటే మానిపించేద్దాం. మాస్టారికి తెలీదా, మనకి తెలుసా?”

నాకు చదువంటే ప్రాణమని ఇప్పుడు చెబితే అందరూ చెప్పే మాటలాగే ఉంటుంది. నిజం చెబుతాను. నాకు మా పెద్దమ్మ కూతురి బతుకు తెలుసు. అయిదో తరగతిలో బడి మానిపించారు, పేడకళ్ళు ఎత్తి పిడకలెయ్యడం తప్ప దానికి ఇంకో పని లేదు. నేను బడికి పోతుంటే గోడ మీది నుంచి చూసేది. ఆ గోడ అవతల నిలబడాలంటే నాకు భయం. నన్నక్కడికి తొయ్యబోతున్నది ఎవరు? ఎందుకలా చెప్పావని నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగని మనిషి. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఈ సారుకి తగిన శాస్తి చెయ్యకపోతే నా పేరు నిజంగానే అయిదుసెంట్లు అనుకున్నాను.

శాస్తి చెయ్యాలంటే ముందు లెక్క రావాలి. ఎవరిని అడగను? సారుని అడిగేదాన్ని కాదు, ఛస్తే అడిగేదాన్ని కాదు. నాట్ల రోజులవి. అమ్మ నాట్లేసేవాళ్ళకి మంచినీళ్ళు ఇచ్చిరమ్మని పంపితే చెరువు కింద చెక్కకి పోయాను. గట్టు మీద నిలబడి కోపంగా మడుల వైపు చూస్తున్నాను. ఆ చెక్కలో ఒక ఎకరాన్ని మా తాత సమానంగా పది మడులు కట్టించాడు. ఒక్కో మడి పది సెంట్లు. కూలీలు ‘రెండు మళ్ళు అయిపోయినయ్, మూడోదాన్లో దిగుతున్నాం’ అని మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు తట్టింది. ఎకరాన్ని ఉన్నపళంగా నూరు ముక్కలు చెయ్యడం కాదు. ముందు పది మడులు. ఆ ఒక్కో మడిని మళ్ళీ పది సెంట్లు. చుక్క పక్కన మొదటి చోటు మడులది. రెండో చోటు సెంట్లది. మొదటి చోట అయిదు ఉంటే అయిదు మడులు, అంటే సగం ఎకరం. అయిదు సెంట్లే ఉంటే మడి ఒక్కటి కూడా నిండలేదు కాబట్టి మడుల చోట సున్నా పెట్టి, సెంట్ల చోట అయిదు పెట్టాలి. 2.05. మా నాన్న ఆ సున్నాని వదిలేస్తున్నాడు, అంతే! అంకె అయిదే, కానీ ఎక్కడ నిలబడిందో దాన్నిబట్టి దాని విలువ. చుక్క కింద చుక్క ఎందుకు పెట్టాలి? మడుల్ని మడుల్తో, సెంట్లని సెంట్లతో కూడటానికి. ఓరి నాయనో, ఇంతేనా! మంచినీళ్ళ బిందె గట్టు మీదే పెట్టేసి, బురదలో పుల్లతో లెక్కలు వేస్తూ కూర్చున్నాను. నాట్లేసేవాళ్ళు దాహంతో నన్ను తిట్టారు కూడా.

ఆ తరవాత సారు పెట్టిన చిన్న పరీక్షలో లెక్కలన్నీ ఒప్పు చేశాను. ఇప్పుడైనా మనిషి మారతాడనుకున్నాను. నా కాయితం పైకెత్తి క్లాసుకి చూపించి, “అయిదుసెంట్లు ఎవరిది చూసి రాసిందో చెప్పండ్రా” అన్నాడు. సున్నా వేశాడు. చూసి రాయలేదు సార్, బోర్డు మీద చేసి చూపిస్తాను అంటే, “కూర్చో, చాల్లే వేషాలు” అన్నాడు. కూర్చున్నాను. ఆ రోజు మాత్రం ఏడవలేదు. పాము పగబట్టినట్టు పగ పట్టాను.

ఇన్‌స్పెక్షన్ దగ్గరికొచ్చింది. బడికి వెల్ల వేశారు, పగిలిన పలకల కిటికీలకి మేకులు కొట్టారు. లెక్కల సారు కూడా మా క్లాసుకి వెల్ల వెయ్యడం మొదలుపెట్టాడు. ఆయన పద్ధతి ఇది. ఇన్‌స్పెక్టరు గారు ప్రశ్న అడగ్గానే క్లాసంతా చేతులెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడి చెయ్యి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి. సారు కుడి చేతుల్లోంచి ఒకర్ని లేపుతాడు. చూసేవాళ్ళకి క్లాసులో ఒక్కరు కూడా మొద్దు లేనట్టే. రోజూ పీరియడ్‌లో సగం సేపు ఈ చేతులెత్తే కసరత్తే. చివరికి ఎవరైనా ప్రశ్నలాంటిది అంటే చాలు, మా చేతులు వాటంతటవే లేచేవి. ఆ సమయంలో లెక్క చెప్పుంటే సగం మందికి నిజంగానే వచ్చేది.

“నువ్వు మాత్రం, అయిదుసెంట్లూ, నీకు రెండూ ఎడమ చేతులే అనుకో” అన్నాడు నాతో.

ఇన్‌స్పెక్టరు గారు మా క్లాసుకి మధ్యాహ్నం వచ్చారు. లావుపాటి కళ్ళజోడు, నెమ్మదైన మనిషి. వెనక హెడ్మాస్టారు. బోర్డు మీద 0.4, 0.35 రాసి, ఏది పెద్దదని అడిగారు. క్లాసంతా చేతులు లేచాయి. ఎటు చూసినా చేతులే. ఆయన ముచ్చటపడ్డారు. సారు మా క్లాసులో ఫస్టు వచ్చే అబ్బాయిని లేపాడు.

“0.4 సార్” అన్నాడు వాడు.

“ఎందుకు బాబూ? ముప్పై అయిదు కంటే నాలుగు పెద్దదా?”

“సున్నా పెట్టి 0.40 చెయ్యాలి సార్.”

“సున్నా ఎందుకు పెట్టాలి?”

వాడు సారు వైపు చూశాడు. సారు పైకప్పు వైపు చూశాడు. ఇంకెవరైనా చెబుతారా అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. నేను కుడి చెయ్యి ఎత్తి, బెంచీ మీద నుంచి సగం లేచాను. సారు చూపు నా మీదుగా పోయి, వెనక్కొచ్చి, నా కుడి చేతి మీద ఆగింది. దించు అన్నట్టు కళ్ళతో ఉరిమాడు. దించుతానా?

“ఆ అమ్మాయిని రానివ్వండి, చెయ్యి ఊడిపోయేట్టుంది” అన్నారు ఇన్‌స్పెక్టరు గారు నవ్వి.

వెళ్ళాను. బోర్డు మీద ఎకరం చెక్క గీశాను. పది మడులు గీశాను. ఒక మడిలో పది సెంట్లు గీశాను. 0.4 అంటే నాలుగు మడులు, 0.35 అంటే మూడు మడులు, పైన అయిదు సెంట్లు, నాలుగో మడి సగమే నిండింది కాబట్టి తక్కువ అన్నాను. నాలుగు మడుల్ని సెంట్లలో చెబితే నలభై, అందుకే సున్నా పెడతాం అన్నాను. హెడ్మాస్టారు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు నా తల మీద చెయ్యి వేసి, సారు వైపు తిరిగారు.

“చాలా బాగా నేర్పారండీ. స్థాన విలువ ఇంత చక్కగా చెప్పిన పిల్లని నేను చూడలేదు.”

“ఏదో సార్, మన ప్రయత్నం” అన్నాడు సారు, చేతులు నలుపుకుంటూ.

ఒళ్ళు మండిపోయింది. మన ప్రయత్నమా! నా మడులు, నా బురద, నా ఏడుపు, అన్నీ ఊడ్చుకుని ఆయన జేబులో వేసుకుంటున్నాడు. ఇంక ఆగలేకపోయాను.

“సారు నేర్పలేదండి. సారు నన్ను ఎడమ చెయ్యి ఎత్తమన్నారండి” అన్నాను.

“ఎడమ చెయ్యి ఎత్తడమేంటమ్మా?”

చెప్పాను. కుడి ఏంటో, ఎడమ ఏంటో, ఎన్నాళ్ళ నుంచి కసరత్తు చేయించాడో, అన్నీ చెప్పాను. “అబద్ధం సార్, ఆ పిల్లకి కొంచెం బుర్ర తేడా” అన్నాడు సారు. క్లాసులో ఎవరూ తలెత్తలేదు. హెడ్మాస్టారు చల్లగా మధ్యలో దూరి, టీ వేళయిందన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు నా వైపు ఒకసారి, సారు వైపు ఒకసారి చూసి, “రేపు పొద్దున మళ్ళీ వస్తాను. ఈ సంగతి తేల్చే వెళతాను” అన్నారు.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకి సారు సైకిలు మా ఇంటి ముందు ఆగింది. నాన్న కంగారుగా మంచం మీద దుప్పటి పరిచాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది. సారు మజ్జిగ ముట్టుకోలేదు.

“మీ అమ్మాయి ఇన్‌స్పెక్టరు గారి ముందు ఏదో అనేసిందండీ. తెలీక అన్నానని రేపు ఒక్క మాట చెబితే చాలు. లేకపోతే నా ఉద్యోగానికే ముప్పండీ. పిల్లలు గలవాణ్ణి” అన్నాడు.

నాన్న నా మీదికి లేవబోయాడు. నేను స్తంభానికి ఆనుకుని కదలకుండా నిలబడ్డాను. భయం లేదని కాదు. కానీ ఆ మనిషి మా వసారాలో చేతులు కట్టుకుని కూర్చోవడం చూస్తుంటే భయం కంటే హాయి ఎక్కువగా ఉంది.

“నాన్నా, ఇన్‌స్పెక్షన్ అయ్యాక సారుని ఒకటి అడుగుతానన్నావుగా. అడుగు” అన్నాను.

నాన్న తడబడ్డాడు. “అదేనండీ మాస్టారూ, మా పిల్ల చదువుకి పనికొస్తదా రాదా అని...”

“ఎందుకు పనికిరాదండీ!” అన్నాడు సారు, మాట పూర్తి కానివ్వకుండా. “బంగారంలాంటి బుర్ర. పదో తరగతి దాకా ఆపకండి, ఆ పైన కూడా ఆపకండి.”

“మరి అప్పుడు లెక్కలు ఎక్కవన్నారు?”

“పొరబడ్డానండీ” అని కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

“అయితే సరేనండి. మీ ఎదురుగా చెబుతున్నా, పదో తరగతి దాకా చదివిస్తా” అన్నాడు నాన్న. మా నాన్న మాటంటే మాటే, ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు.

సారు నా వైపు తిరిగాడు. “మరి రేపు... ఏమంటావమ్మా?” అమ్మా! చూశారా, అయిదుసెంట్లు ఎక్కడికి పోయిందో?

నేను నోరు విప్పలేదు. “చెబుద్దిలెండి మాస్టారూ, మీరు దిగులుపడకండి” అని అమ్మే అంది. ఆయన మజ్జిగ తాగి, దణ్ణం పెట్టి వెళ్ళాడు.

పొద్దున ఇన్‌స్పెక్టరు గారు క్లాసులోకి వచ్చి నన్ను లేపారు. నిన్న చెప్పింది నిజమేనా, కోపంలో అన్నావా అని అడిగారు. సారు బల్ల పక్కన నిలబడి నా వైపు చూసి, చిన్నగా తలాడించాడు, చెప్పు తల్లీ అన్నట్టు.

“నిజమేనండి” అన్నాను. “కావాలంటే కష్టమైన లెక్క ఒకటి అడిగి, ఎవరే చెయ్యి ఎత్తుతారో చూడండి.”

ఆయన బోర్డు మీద 3.07 రాసి, అందులో నుంచి 0.5 తీసేస్తే ఎంత అని అడిగారు. సారు పిల్లలకి ఏదో సైగ చెయ్యబోయాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. కసరత్తు చేసిన చేతులు కదా, ఆగుతాయా? ఒక్కసారిగా లేచాయి. దాదాపు అన్నీ ఎడమ చేతులే. నా చెంప మీద కొట్టిన నా స్నేహితురాలిదీ ఎడమే. ఇన్‌స్పెక్టరు గారు ఆ చేతుల్ని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసి, పెన్ను తీశారు. సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను కూర్చోకుండా నిలబడే ఆ మొహం చూశాను, తనివితీరా చూశాను.

మళ్ళీ సోమవారానికి సారు బడికి రాలేదు. ఆయన్ని ఎక్కడో దూరం వేశారన్నారు. ఎక్కడికో నేను కనుక్కోలేదు.

ఇన్‌స్పెక్టరు గారికి నేను చెప్పిన సంగతి మాత్రం అదే రోజు సాయంత్రానికల్లా నాన్నకి తెలిసింది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోలేదు. ఇంత కోపంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

“మాటిచ్చి తప్పుతావటే? మా ఇంటా వంటా ఉందా ఇది?”

“మాటిచ్చింది అమ్మ. నేనివ్వలేదు.”

“నోరుముయ్యి. నేనన్న మాట నేను వెనక్కి తీసుకోను, నువ్వు బడికి పో. కానీ ఒక్కటి చెప్పు. అంతటి మాస్టారు మన గడపలో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడే, చూసి కూడా నీకెలా మనసొప్పిందే?”

“నేను క్లాసులో ఏడ్చినప్పుడు నువ్వక్కడ లేవు నాన్నా” అన్నాను.